కళ్యాణదుర్గం చేరాల్సిన పాఠాలు

అనంతపురం వైపు వెళ్తున్నానని చెప్పగానే మా ఆడపడుచు నా సంచిలో రెండు పెద్ద సీసాల నీళ్ళు, డబ్బా నిండా పులిహోర పెట్టింది. అక్కడ తాగడానికి నీళ్ళూ తినడానికి తిండీ దొరకవని ఆమె నమ్మకం. మాది కృష్ణా కాలువల కింద ఊరు. మా వాళ్ళలో చాలామందికి అనంతపురం అంటే కరువు అనే ఒక్క మాటే తెలుసు. వెళ్ళకముందు నాకూ అంతకంటే ఎక్కువ తెలియదు.

నేను రాష్ట్ర గ్రంథాలయంలో పనిచేస్తాను. ఊళ్ళలోని చిన్న గ్రంథాలయాలకు చేదోడుగా ఉండటం మా విభాగం పని. అవి సొంతంగా కొనుక్కోలేని పుస్తకాలను పెట్టెల్లో సర్ది పంపుతాం. కొన్ని నెలలయ్యాక ఆ పెట్టెను మరో ఊరికి మారుస్తాం. చిరిగిన పుస్తకాలు బాగుచేసుకోవడం నేర్పిస్తాం. చూపు లేనివాళ్ళకు వినే పుస్తకాలు పంపుతాం. వినే పుస్తకమంటే అరచేతి కంటే కాస్త పెద్దదైన యంత్రం. వేళ్ళతో తడిమి పోల్చుకునేలా దానికి నాలుగు లావుపాటి మీటలుంటాయి. లోపల ఒక చిన్న కార్డులో ఎవరో చదివి పెట్టిన పుస్తకాలుంటాయి.

ఇన్నేళ్ళూ ఇదంతా నేను బల్ల ముందు కూర్చునే చేశాను. పెట్టె తెరిచేవాళ్ళ ముఖం ఎలా ఉంటుందో ఒకసారి చూడాలనిపించి, ఈసారి నేనే పెట్టెలు పట్టుకుని బయల్దేరాను.

అనంతపురం

తెల్లవారుజామున రైలు దిగేసరికి సన్నగా జల్లు పడుతోంది. స్టేషను బయట అద్దె జీపుతో మస్తాన్ ఎదురుచూస్తున్నాడు. యాభై దాటిన మనిషి, గడ్డానికి గోరింటాకు రంగు. వానలో నిలబడి ఆకాశం కేసి చూస్తున్నాడే గాని తల మీద తువ్వాలైనా కప్పుకోలేదు. "మొదటి వాన మేడమ్. దీంట్లో తడిస్తే జలుబు రాదు" అన్నాడు.

ఆయన నన్ను ముందు ఒక చిన్న హోటలుకు తీసుకెళ్ళాడు. అక్కడ పొద్దున ఫలహారం ఉగ్గాని. బొరుగులు, అంటే మరమరాలు, నీళ్ళలో తడిపి గట్టిగా పిండేసి, ఉల్లిపాయలూ పుట్నాల పొడీ వేసి తాలింపు పెడతారు. దాని పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీలు పెడతారు. ప్లేటు నలభై రూపాయలు. మా ఊళ్ళో బొరుగులంటే సాయంత్రం కాలక్షేపానికి తినేవే, కడుపు నింపుకోవడానికి ఎవరూ తినరు. రెండో ప్లేటు అడుగుతుంటే మస్తాన్ సంతోషపడ్డాడు. "ఇది ఇడ్సిపెట్టి మీరు పొద్దున్నే ఇడ్లీ ఎట్ల తింటారమ్మా" అని జాలిపడ్డాడు కూడా.

లాడ్జికి చేరాక చూస్తే రెండు అట్టపెట్టెలు అడుగున తడిసి ఉన్నాయి. ఒకటి పామిడిది, ఒకటి కళ్యాణదుర్గానిది. రెండింట్లోనూ పుస్తకాలతోపాటు ఒక్కో వినే యంత్రం ఉంది. పుస్తకాలు తీసి ఆరబెట్టి, కొత్త అట్టపెట్టెల్లో సర్ది, పైన ఊరి పేర్లు రాశాను. ఈ యాత్రలో జరిగినదంతా ఆ సర్దుబాటులోనే మొదలైంది.

పామిడి

పెన్నా నది ఒడ్డున ఉంది పామిడి. నది అంటే నేను నీళ్ళు ఊహించుకున్నాను. వంతెన మీద జీపు ఆపి మస్తాన్ చూపించింది మాత్రం ఇసుక, ఆ ఇసుకలో గొర్రెల మంద. ఊళ్ళో ఏ వీధి చూసినా బట్టల దుకాణాలు, లోపల్నుంచి కుట్టు మిషన్ల చప్పుడు. నైటీల గుట్టలు బేరం మీద పోతున్నాయి. నూటయాభైకి ఒకటి నేనూ కొన్నాను. విజయవాడలో అదే రకం రెట్టింపు పెట్టి కొన్న సంగతి షాపు వాడికి చెప్పలేదు.

గ్రంథాలయంలో మా కోసం కాచుకున్నవాళ్ళలో రంగయ్య శెట్టి గారు ముఖ్యులు. డెబ్బై దాటిన బట్టల వ్యాపారి. నీటికాసులతో చూపు పూర్తిగా పోయింది. అంతకుముందు రోజూ దుకాణం తెరవడానికి ముందు ఇక్కడికొచ్చి పేపర్లన్నీ చదివేవారట. ఇప్పుడు కోడలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఫ్యాను కింద కూర్చోబెడితే, పక్కవాళ్ళు పేపరు తిప్పే చప్పుడు వింటూ కూర్చుంటారని లైబ్రేరియన్ చెప్పింది. ఆయన కోసమే ఒక యంత్రం కావాలని ఆమె మా విభాగాన్ని అడిగింది.

పెట్టె విప్పి యంత్రం ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని బట్ట నాణ్యం చూసినట్టు బొటనవేలితో రుద్ది చూశారు. మీట నొక్కగానే స్వాగతం చెప్పే గొంతు వినిపించింది. ఆపి, మళ్ళీ నొక్కి, మళ్ళీ ఆపారు.

"ఇది ఆగమంటే ఆగుతాది. మా ఇంట్లో ఆగమంటే ఆగేది ఇదొక్కటే అయితాది" అన్నారు. కోడలు నవ్వాపుకుంటూ పక్కకు తిరిగింది.

లోపల ఉన్నవి జానపద కథలనీ, నెలల తరబడి వినొచ్చనీ చెప్పి వచ్చేశాను. స్వాగతం తర్వాత ఏముందో వినిపించి చూడాలని నాకు తోచలేదు.

ఉరవకొండ

మర్నాడు ఉరవకొండ. ఊరి వెనక కొండ పడగ విప్పిన పాములా ఉంటుంది. ఉరగమంటే పాము, ఉరగకొండే ఉరవకొండ అయిందని మస్తాన్ చెప్పాడు. ఒక మూల నుంచి పాములానే కనిపించింది. ఇంకొంచెం ముందుకు పోయాక మామూలు కొండే.

దారిలో ఒక విచిత్రం చూశాను. ఎర్రచేలల్లో జనం నడుములు వంచుకుని చాలా నెమ్మదిగా నడుస్తున్నారు. కలుపు తీయడానికి ఇంకా విత్తనమే పడలేదు కదా అనుకున్నాను. వాళ్ళు వెతికేది వజ్రాలట. తొలివానకు పైమట్టి కొట్టుకుపోతే రాళ్ళు తేలతాయని ఎక్కడెక్కడి నుంచో వస్తారట. జీపు ఆపించి, గట్టు మీద కూర్చుని సద్దిమూట విప్పుతున్న ఒక ముసలమ్మను పలకరించాను. జొన్నరొట్టె మీద శెనక్కాయల పచ్చడి రాసి ఒక ముక్క నాకూ పెట్టింది. కారానికి నా కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"రాయి దొరికితే ఏం చేస్తావమ్మా?" అని అడిగాను.

"బోరు వేపిస్తా."

"నీళ్ళు పడకపోతే?"

"మళ్ళా రాయి ఎతకనీకి వస్తా. యాడికి పోతా?" అంది రొట్టె నములుతూ.

ఉరవకొండ గ్రంథాలయంలో చుట్టుపక్కల ఊళ్ళ లైబ్రేరియన్లు కొందరు పోగయ్యారు. మైదాపిండిలో మైలుతుత్తం కలిపి ఉడికించిన జిగురుతో, సన్నటి పాత బట్టతో, పుస్తకం వీపు ఎలా అతికించాలో చేసి చూపించాను. మైలుతుత్తం విషం, అది కలిపితే పురుగులు ముట్టవు. మధ్యాహ్నానికి అందరి వేళ్ళూ నీలం రంగుకు తిరిగాయి. ఆ వేళ్ళతోనే చిత్రాన్నం తినబోతుంటే లైబ్రేరియన్ ఒకాయన అడ్డొచ్చి, సబ్బు చేతికిచ్చి, నేను చేతులు కడుక్కునేదాకా కదల్లేదు. మా వైపు పులిహోరను ఇక్కడ చిత్రాన్నం అంటారు. చింతపండుకు బదులు నిమ్మకాయ, పైన వేరుశెనగ పప్పులు గుప్పెడు. మా ఆడపడుచు కట్టిచ్చిన డబ్బా వాళ్ళకు రుచి చూపిస్తే మర్యాదకు బాగుందన్నారు.

కళ్యాణదుర్గం

కళ్యాణదుర్గం చేరేసరికి పొద్దు వాలుతోంది. దారి పొడుగునా గాలిమరలు తిరుగుతూనే ఉన్నాయి. దుకాణాల్లో తెలుగూ కన్నడమూ కలిసిపోయి వినిపిస్తాయి. టీ తాగి డబ్బులివ్వబోతే "చిల్లర దుడ్లు లేవా అక్కా?" అని అడిగాడు కుర్చీలో పెద్దాయన. దుడ్లంటే డబ్బులని అర్థమవడానికి నాకు ఒక్క క్షణం పట్టింది.

గ్రంథాలయం హాలు కిక్కిరిసి ఉంది. మా వైపు ఊళ్ళ గ్రంథాలయాల్లో ఈ వేళకు పెద్దవాళ్ళు నలుగురు పేపరు చదువుతూ కనిపిస్తారు. ఇక్కడ ముప్పై మంది దాకా ఆడపిల్లలూ మగపిల్లలూ, కొందరు పెళ్ళయినవాళ్ళు, టీచరు పోస్టుల పరీక్షకు చదువుతున్నారు. కుర్చీలు చాలక మెట్ల మీద కూడా కూర్చున్నారు. ఎవరూ తలెత్తి చూడలేదు. పరీక్ష నెల కూడా లేదు.

లైబ్రేరియన్ రామాంజనేయులు గారు ఎదురొచ్చి, తలుపు పక్కన బెంచీ మీద ఉన్న ఇద్దరిని చూపించారు. తండ్రి తిప్పేస్వామి, కూతురు శైలజ. పుట్టుకతోనే ఆమెకు చూపు లేదు. డిగ్రీ, ఆ తర్వాత బీఈడీ చేసింది. ఇదే పరీక్ష రాయబోతోంది. చదివి వినిపించే మనిషి లేక పాఠాలు సగం వెనకబడి ఉన్నాయి. పరీక్ష పాఠాలున్న యంత్రం వస్తోందని ఈయన చెబితే, పల్లె నుంచి పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి ఆ బెంచీ మీదే కూర్చున్నారట.

పెట్టె విప్పి యంత్రం ఆమె చేతిలో పెట్టాను. ఆమెకు నేర్పక్కర్లేకపోయింది. వేళ్ళు మీటల మీద ఒక్కసారి తిరిగాయి, నొక్కింది. స్వాగతం అయిపోయింది. తర్వాత ఒక గొంతు రాగం తీస్తూ మొదలుపెట్టింది, అనగనగా ఒక రాజు అని.

శైలజ ముందుకు జరిపింది. రాజు కూతురు. ఇంకా ముందుకు జరిపింది. నక్క.

అప్పుడు అర్థమైంది నాకు. లాడ్జిలో కొత్త పెట్టెల్లోకి సర్దేటప్పుడు రెండు యంత్రాలూ తారుమారయ్యాయి. పాఠాలన్నీ పామిడిలో ఉన్నాయి. ఆ మాటే ఆమెకు చెప్పాను.

శైలజ మీట నొక్కి యంత్రం ఆపింది. తర్వాత "కథలు కూడా బాగుండాయి మేడమ్. పరీక్ష అయినాక వింటా" అంది. ఆమె తిట్టినా నాకు అంత బాధ అనిపించేది కాదు.

తండ్రి మాత్రం దాచుకోలేదు. "తేమ ఆరకముందే విత్తనం పోయాల మేడమ్. ఈ పొద్దు అది ఇడ్సిపెట్టి వచ్చినా. ఇంకో పొద్దు రాలేను" అన్నాడు. కోపంగా కాదు, ఉన్నది ఉన్నట్టు.

"రేపు సాయంత్రానికి తెస్తాను. మీరు రానక్కర్లేదు, నేనే మీ ఊరికి తెచ్చిస్తాను" అన్నాను.

"వద్దు, నేనే వస్తా" అంది శైలజ. "ఈడైతే అర్థం కానిది అడిగేకి మనుషులుంటారు."

మళ్ళీ పామిడి

రాత్రే పామిడి లైబ్రేరియన్‌కి ఫోన్ చేశాను. "అయ్యో మేడమ్, శెట్టి గారు దాన్ని కింద పెట్టడంల్యా" అంది ఆమె.

తెల్లవారగానే వచ్చిన దారినే వెనక్కి బయల్దేరాం. మస్తాన్ విసుక్కోలేదు. తప్పు నాదైనా, పెట్టెలు జీపులోకి ఎక్కించింది తనే కాబట్టి తనకూ వాటా ఉందన్నాడు.

రంగయ్య శెట్టి గారి ఇల్లు దుకాణం మీదే. మేం వెళ్ళేసరికి ఆయన మంచం మీద కూర్చుని యంత్రం చెవికి ఆనించుకుని ఉన్నారు. పిల్లల మనస్తత్వం పాఠం నడుస్తోంది. ఉపాధ్యాయులు చదివే పాఠం. ఆయన దాన్ని కథ విన్నంత శ్రద్ధగా వింటున్నారు.

"మామ మొన్నటి నుంచి మమ్మల్ని తినేస్తాండాడు" అంది కోడలు నా చెవిలో. "నా కొడుకును కొట్టగూడదంట. భయపడిన పిల్లోడే అబద్ధం చెప్తాడంట. ఈయన చేతిలో మా ఆయన తిన్న దెబ్బలు లెక్కలేదు."

నేను జరిగినది చెప్పి, కథల యంత్రం ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని తాకలేదు.

"మీరే ఇచ్చిరి, మీరే తీస్కపోతారు. ఏం మర్యాదమ్మా ఇది?"

"తప్పు నాదే శెట్టి గారూ."

"కథలు నాకెందుకు? అరవై ఏండ్లు గల్లాపెట్టె కాడ కూర్చుని వినింది కథలే కదా. ఇది నాకు తెలీని సంగతి చెప్తాంది. నలుగురు కొడుకుల్ని పెంచినా. ఇయన్నీ అప్పుడు ఎవురూ చెప్పలేదు."

లాక్కుని వెళ్ళలేను, వదిలి వెళ్ళలేను. చివరికి మస్తాన్ కలగజేసుకున్నాడు. గుమ్మంలో నిలబడే అన్నాడు: "శెట్టన్నా, కళ్యాణదుర్గంలో ఒక పాప ఉండాది. నీ మాదిరే కండ్లు లేవు. దీన్ని విని పరీక్ష రాస్తే టీచరమ్మ అయితాది."

శెట్టి గారు యంత్రం ఆపారు.

"పుట్టినప్పటి నుంచీ లేవా?"

"పుట్టినప్పటి నుంచీ లేవు."

కింద దుకాణంలో మీటర్లు కొలిచి బట్ట చించే చప్పుడు వినిపిస్తోంది. "నాకు డెబ్బై ఏండ్లు కనపడింది" అన్నారు చివరికి. "ఈ పాఠం అయిపోనీ. సగంలో ఇడిస్తే నాకు నిద్రపట్టదు."

అలా మేం నలుగురం ఆ గదిలో కూర్చుని పిల్లలు ఎందుకు అబద్ధాలు చెబుతారో చివరిదాకా విన్నాం. కోడలు ఓళిగలు పెట్టింది. మేం బొబ్బట్లు అనేవే ఇవి, కాని కాగితమంత పల్చన, పళ్ళెమంత వెడల్పు, పైన వెచ్చటి నెయ్యి. ఒకటి తింటూ మధ్యలో మాట్లాడబోతే శెట్టి గారు చెయ్యెత్తి వారించారు, పాఠం నడుస్తోందని. అయిపోయాక యంత్రం పంచె అంచుతో తుడిచి నా చేతిలో పెట్టారు. "మిగిలిన పాఠాల్లో ఏముందో ఆ పాపను ఫోన్లో చెప్పమనండి. నంబరు ఇస్తా. నాకు చెప్తే ఆమెకూ గుర్తుంటాది."

పాత పాఠాలు

సాయంత్రం కళ్యాణదుర్గం చేరేసరికి శైలజ ఒక్కతే బెంచీ మీద ఉంది. బస్సులో కండక్టరు దించాడట, స్టాండు నుంచి ఆటోలో వచ్చిందట. తండ్రి చేలో ఉన్నాడు. శెట్టి గారి సంగతి చెబితే మొదటిసారి ఆమె నవ్వడం చూశాను. నంబరు ఒక్కసారి విని నోటికి చెప్పేసింది.

చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినడం మొదలుపెట్టింది. నేను పక్కనే కూర్చున్నాను. ఆమె ముందుకు జరుపుతోంది, వింటోంది, మళ్ళీ జరుపుతోంది. కాసేపటికి ఇయర్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మేడమ్, మనస్తత్వం పాఠాలు ఇప్పుడూ అవే, పనికొస్తాయి. మిగిలినవన్నీ పాతవి. బడి పుస్తకాలు మారినాయి కదా. పరీక్షలో కొత్తవి అడుగుతారు."

నాకు ఆ సంగతి తెలుసు. తెలిసినా అది ఈ పరీక్షకు అడ్డమవుతుందని ఆలోచించలేదు. పుస్తకాలు మారక ముందు చదివించి పెట్టిన పాఠాలవి. కొత్తవి చదివించే పని మా దగ్గర మొదలైంది గాని పూర్తయ్యేసరికి పరీక్ష దాటిపోతుంది. ఒక ముసలాయన చేతిలోంచి తీసుకుని, ఇంత దూరం తెచ్చి, ఈమెకు ఇచ్చింది ఇదా అనుకున్నాను.

రామాంజనేయులు గారు హాల్లోకి వెళ్ళి నిలబడ్డారు. "ఎవరన్నా ఈ పాపకు కొత్త పాఠాలు చదివి వినిపిస్తారా? రోజుకు ఒక గంట చాలు" అన్నారు.

ఎవరూ కదల్లేదు. చివరి వరుసలో ఒక అబ్బాయి తలెత్తి, "పరీక్ష మాకూ ఉండాది కదా సార్" అన్నాడు. అతని గొంతులో దురుసుతనం లేదు. నిజానికి అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ హాల్లో ఉన్న ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి వదులుకునే అక్కడ కూర్చున్నారు.

అప్పుడు మెట్ల మీద కూర్చున్న ఒకామె లేచింది. ముప్పై దాటిన మనిషి, పేరు పద్మ. ధర్మవరంలో పట్టు నేసే ఇంటి ఆడపిల్ల, ఈ ఊరి కోడలు. ఆమె మాట్లాడింది శైలజతో కాదు, లైబ్రేరియన్‌తో.

"సార్, నాకు గట్టిగా చదివితేనే ఎక్కుతాది. చిన్నప్పుడు మగ్గం చప్పుడులో చదివి చదివి అదే అలవాటైంది. ఇంట్లో గట్టిగా చదివితే మా అత్త తిడతాది. ఈడ మీరు తిడతారు. మెల్లగా చదివితే నాకు ఏదీ గుర్తుండదు. గట్టిగా చదువుకునే జాగా ఒకటి చూపించండి. ఎవురు వింటే నాకేం?"

రామాంజనేయులు గారు నా వైపు చూశారు. ఆమెను ఎన్నిసార్లు నోరు మూయించారో గుర్తొచ్చినట్టుంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

వెనక గది

ఆ రాత్రి బయల్దేరాల్సిన నేను ఇంకో రోజు ఉండిపోయాను. గ్రంథాలయం వెనక పాత పేపర్లు పేర్చిన గది ఒకటుంది. పొద్దున్నే నేనూ, మస్తానూ, రామాంజనేయులు గారూ కలిసి ఆ కట్టలు వరండాలోకి మోశాం. గది ఖాళీ అయ్యాక మాట గోడలకు కొట్టుకుని మోగింది. పద్మ ఇంటికి వెళ్ళి రెండు పాత దుప్పట్లు, ఒక పరదా తెచ్చి మేకులకు వేలాడదీసింది. మోత తగ్గింది.

పద్మ ఫోనే మాటలు రికార్డు చేసే యంత్రమైంది. పుస్తకాన్ని వినేవాళ్ళ కోసం ఎలా చదవాలో నాకు తెలిసినంత చెప్పాను. పాఠం పేరు, పేజీ సంఖ్య ముందు చెప్పాలి, పేజీ తిప్పేటప్పుడు ఆగాలి, కొత్త మాట వస్తే అక్షరాలు విడదీసి చెప్పాలి. పద్మ శ్రద్ధగా విని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. పేజీ మధ్యలో ఆగింది.

"ఈడ ఒక బొమ్మ ఉండాది" అని మళ్ళీ చదవబోయింది.

ఎదురుగా కింద కూర్చున్న శైలజ చెయ్యెత్తింది. "బొమ్మలో ఏముండాదో చెప్పక్కా."

పద్మ ఫోను ఆపి బొమ్మ వైపు చూసింది. "ఒక చెట్టు. కింద మట్టిలోకి దిగిన యేర్లు. యేర్ల నుంచి నీళ్ళు పైకి పోయేటట్టు గీతలు గీసినారు."

"గీతలు ఎన్ని? యా పక్క నుంచి పోతాండాయి?"

"అట్ల నేనెప్పుడూ చూడలేదు పాపా. ఉండు." పద్మ పుస్తకం వెలుతురు వైపు తిప్పింది. "రెండు రకాలుండాయి. నీళ్ళు పైకి పోయేవి. ఆకులో తయారైన తిండి కిందికి వచ్చేది. అయ్యో, ఇది పోయినసారి పరీక్షలో అడిగినారు. నేను తప్పు రాసినా."

ఆ తర్వాత పద్మ ప్రతి బొమ్మ దగ్గరా ఆగింది. శైలజ అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే తను ముందు అర్థం చేసుకోవాల్సి వచ్చేది. మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగాక గదిలో ఉక్క భరించలేకపోయాం. పద్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ, ఫ్యాను చప్పుడు లేకపోవడమే మేలని చదువుతూనే ఉంది. కిటికీ బయట బస్సు హారన్లు, సోడా బండివాడి గిలక చప్పుడు, అన్నీ పాఠంలోకి ఎక్కాయి.

మధ్యాహ్నం దాటాక తలుపు దగ్గర అలికిడైతే చూశాను. నిన్న చివరి వరుసలో మాట్లాడిన అబ్బాయి. అతని పేరు నేను అడగలేదు. "లెక్కలు ఆ అక్కకు రావు. నేను చదవనా?" అన్నాడు. పద్మ పుస్తకం అతనికిచ్చి, నీళ్ళ సీసా ఎత్తి గటగటా తాగింది.

సాయంత్రం నేను బయల్దేరేటప్పుడు శైలజ జీపు దాకా వచ్చింది. ఏదో చెబుతుందనుకున్నాను. "మేడమ్, మీ రైలు పోతాది, పోండి" అంది. పద్మ మాత్రం బయటికి రాలేదు. గోడ అవతల నుంచి ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది.

తిరిగొచ్చాక

ఆఫీసులో జరిగినది జరిగినట్టు చెప్పాను, యంత్రాలు మారిపోయిన సంగతితో సహా. ఊళ్ళకు పాఠాలు మాత్రమే పంపకుండా, చదివినది రికార్డు చేసే యంత్రాలు కూడా పంపాలని అడిగాను. కొంత చర్చ జరిగింది, తర్వాత ఒప్పుకున్నారు. మొదటిది కళ్యాణదుర్గానికే వెళ్ళింది. కొన్ని వారాలకు అక్కడి నుంచి ఒక చిన్న పెట్టెలో ఆ యంత్రం కార్డు మాకు వచ్చింది. కొత్త పుస్తకాల పాఠాలు అందులో చాలావరకు ఉన్నాయి, బస్సు హారన్లతో సహా. మా దగ్గర చదివించేవి ఇంకా సగమే అయ్యాయి. ఎప్పుడూ ఇక్కడి నుంచి ఊళ్ళకు పోవడమే తప్ప, ఒక ఊరు మాకు పంపిన పెట్టె నా ఉద్యోగంలో అదే మొదటిది.

ఆ పాఠాలు నకలు చేసి అడిగిన ఊళ్ళన్నిటికీ పంపాం. మా సహోద్యోగి ఒకాయన, యాస ఎక్కువగా ఉంది, మళ్ళీ చదివిద్దామన్నాడు. ఈలోగా శ్రీకాకుళం వైపు ఒక గ్రంథాలయం నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ చూపు లేని కుర్రాడొకడు, 'ఉండాది' అనే అక్క చదివిన తర్వాతి పాఠం ఎప్పుడొస్తుందని అడుగుతున్నాడట. బొమ్మలు ఆమె చెప్పినట్టు ఎవరూ చెప్పలేదట. యాస మాట మళ్ళీ రాలేదు.

శెట్టి గారికి శైలజ పరీక్ష దాకా ఫోన్ చేస్తూనే ఉందని పామిడి లైబ్రేరియన్ చెప్పింది. శైలజకు ఉద్యోగం వచ్చింది. ఇంటికి దగ్గరే, ఒక పల్లె బడిలో. తిప్పేస్వామి నాకు స్వయంగా ఫోన్ చేసి, పాప ఉద్యోగంలో చేరిందనీ శెనక్కాయలు బాగానే పండాయనీ ఒకే ఊపిరిలో చెప్పాడు.

పద్మకు రాలేదు. కొద్ది మార్కుల్లో పోయిందని రామాంజనేయులు గారు చెప్పారు. ఆమె టైమంతా ఆ గదికే పోయిందేమో, ఆ గది తెరిపించిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని కదా అనిపించింది. రెండు రోజులు ఆగి ఫోన్ చేశాను. ముందే అనుకున్న మాటలు వదిలేసి అయ్యో అన్నాను.

"అయ్యో అనొద్దు మేడమ్" అంది పద్మ. "పోయినసారి కంటే శానా ముందుకు వచ్చినా. మళ్ళా రాస్తా. ఇప్పుడు ఆదివారం ఆదివారం శైలజ బస్సెక్కి వస్తాంది. పుస్తకం లేకుండానే నన్ను ప్రశ్నలడుగుతాది. సగం సగం చెప్తే ఒప్పుకోదు. బొమ్మలో గీతలు యా పక్క పోతాండాయో కూడా అడుగుతాది. టీచరమ్మ అయిపోయింది కదా, మా అత్త కంటే గట్టిగా తిడతాది. ఈసారి నేను ఎట్ల తప్పుతా చెప్పండి?"